మరియ మోసుకెళ్ళిన మూట

తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి వాకిట్లో తెల్లవారుజామున ఒక గంటసేపు నిలబడితే చాలు, మన ప్రాంతపు సంసారాలన్నీ సంచుల రూపంలో కళ్ళముందు నడిచిపోతాయి. ఒకావిడ చేతిలో ప్లాస్టిక్ వైరుతో అల్లిన బుట్ట, అందులో ఫ్లాస్కు, స్టీలు గిన్నె, బ్రెడ్డు పొట్లం. ఇంకొకాయన భుజాన బట్టల దుకాణం వాళ్ళు పెళ్ళినాడు ఇచ్చిన పెద్ద సంచి, దాని మీద పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురి బొమ్మ, లోపల మెత్తబడిన పాతచీరలు. వెనకాల చంకలో దిండు, చేతిలో చాపచుట్ట పట్టుకుని ఒక అవ్వ. చంద్రగిరి వైపు నుంచి, శ్రీకాళహస్తి వైపు నుంచి, పక్క జిల్లాల నుంచి కూడా ఇలా వస్తూనే ఉంటారు. సంఘస్థుల ఇళ్ళలో కాన్పులప్పుడు ప్రార్థన చేయడానికి ఇన్నేళ్ళుగా వెళ్ళి వెళ్ళి నాకొక అలవాటు పడింది. మంచం దగ్గరికి పోగానే ముందు సంచి చూస్తాను. ఆ ఇంట్లో ఎవరు ఎవరి గురించి ఎంత ఆలోచించారో ఆ సంచి చెప్పేస్తుంది.

కొందరి పక్కన సంచే ఉండదు. ఒక పలచటి ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు కాగితాలు, అంతే. పేదరికం వల్ల అనుకుంటాం గానీ అది పూర్తి నిజం కాదు. ఎంత పేద ఇంట్లోనైనా రెండు పాతచీరలుంటాయి, ఒక తువ్వాలు ఉంటుంది. అసలు కారణం భయం. “బిడ్డ పుట్టకముందే బట్టలు కొనకూడదు, సర్దిపెట్టకూడదు, అరిష్టం” అనే మాట మన పల్లెల్లో ఎంత బలంగా నాటుకుందో అందరికీ తెలుసు. ఆ మాట అన్యులే అంటారని ఎవరైనా అనుకుంటే పొరపాటు. క్రీస్తే ఈ ఇంటికి యజమాని అని రాసిన పటం గోడకు వేలాడదీసి, సరిగ్గా దాని కింద కూర్చుని, “ఇప్పుడే ఏమీ కొనొద్దు అయ్యగారూ, కడుపు చల్లగా బయటపడనీ” అని నాతో అన్న విశ్వాసులు చాలామంది ఉన్నారు. మూడు తరాల క్రైస్తవ కుటుంబాలు కూడా ఉన్నాయి వాళ్ళలో.

ఆ భయాన్ని ఎగతాళి చేయడం నాకు ఇష్టం ఉండదు. మన అవ్వల కాలంలో కన్న బిడ్డలందరూ దక్కేవారు కాదు. పదిమందిని కని నలుగురిని పెంచుకున్న తల్లులు మన వంశాల్లోనే ఉన్నారు. కుట్టి దాచుకున్న చిన్న చొక్కా ఖాళీగా మిగిలిపోతే దాన్ని చూడలేక, అసలు కుట్టకపోవడమే మేలనుకున్నారు. పాతబట్టలే వాడాలన్న మాటలో మంచి కూడా ఉంది. కొత్తగుడ్డకు గంజి ఉంటుంది, గరుకుగా ఉంటుంది. వందసార్లు ఉతికిన నూలుచీర అంత మెత్తన ఏ దుకాణంలోనూ దొరకదు. అది అవ్వల తెలివి. అయితే ఆ పాతగుడ్డను కూడా ముందుగా ఉతికి, ఎండబెట్టి, మడిచి ఉంచకూడదనడం తెలివి కాదు.

ఈ సంగతి మాట్లాడే అర్హత నాకు పెద్దగా లేదు. మా మొదటి కాన్పుకు నేనూ ఖాళీ చేతులతో పోయినవాణ్ణే. 1990ల చివరలో పలమనేరు పక్కన ఒక పల్లెలో కొత్తగా సేవ చేస్తున్న రోజులవి. వేదాంత కళాశాల నుంచి బయటికొచ్చి ఎక్కువ కాలం కాలేదు. దైవకృప గురించి గంటసేపు అనర్గళంగా బోధించగలను గానీ, పుట్టే బిడ్డకు ఏమేం కావాలో ఒక్క ముక్క తెలియదు. మా అత్తగారు అప్పటికే ప్రభువు నందు నిద్రించారు. మా అమ్మకు ఆ పాత భయం. నా భార్య రెండుసార్లు అడిగింది, “ఒక సంచి సర్దిపెట్టుకుందామా?” అని. “దేవుడు చూసుకుంటాడులే” అన్నాను. అలా అనేసరికి అది విశ్వాసం లాగా వినిపించింది. నిజానికి అది బద్ధకం.

అర్ధరాత్రి నొప్పులు తగులుకున్నాయి. చేతికందినవి దుప్పట్లో మూటగట్టాను. తెల్లారి చూసుకుంటే ఆ మూటలో ఉన్నవి నా బైబిలు, ఒక టార్చిలైటు, ఆమె పట్టుచీర, ఒక కొబ్బరినూనె సీసా. సిస్టరమ్మ తలుపు తీసి “బిడ్డకు గుడ్డ ఇవ్వండి” అని చేయి చాచింది. నా దగ్గర లేదు. పక్క మంచం దగ్గర కూర్చున్న ఒక ముసలి బూబమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “ఏం నాయనా, గుడ్డముక్క కూడా తెచ్చుకోలేదా?” అని, తన మనవడి కోసం తెచ్చుకున్న తెల్ల నూలుచీర తీసి, పళ్ళతో అంచు కొరికి, నిలువుగా రెండుగా చింపింది. ఒక సగం వాళ్ళ బిడ్డకు, ఒక సగం మా బిడ్డకు. ఆమె పేరు కూడా అడగలేదు నేను. మా అమ్మాయి ఈ లోకంలో మొదట కట్టుకున్న బట్ట అదే.

ఆ ఏడాది క్రిస్మస్‌కు లూకా సువార్త రెండో అధ్యాయం బోధించడానికి తెరిచినప్పుడు, అంతకుముందు ఎన్నోసార్లు చదివిన ఏడో వచనంలో నేను ఎన్నడూ ఆగని మాట దగ్గర ఆగిపోయాను. పొత్తిగుడ్డలు. సత్రంలో స్థలం లేదు. మంచం లేదు. పశువుల తొట్టి కూడా ఎవరిదో. పొత్తిగుడ్డలు మాత్రం ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ మూలవాక్యంలో బిడ్డను కన్నది, చుట్టింది, పడుకోబెట్టింది అని మూడు క్రియలూ మరియ మీదే ఉన్నాయి. గ్రీకులో ‘పొత్తిగుడ్డలతో చుట్టడం’ అన్నది ఒకే ఒక్క క్రియాపదం. మంత్రసాని ప్రస్తావన లేదు, ఇరుగుపొరుగు అమ్మలక్కల ప్రస్తావన లేదు. ఆ గుడ్డలు ఎవరో తెచ్చిచ్చారని లూకా రాయలేదు కాబట్టి, నజరేతులోనే ఆమె వాటిని సర్దుకుని బయలుదేరిందనుకోవడమే నాకు సహజంగా తోస్తుంది. నజరేతు నుంచి బేత్లెహేముకు నూరు కిలోమీటర్లకు పైనే. మదనపల్లె నుంచి తిరుపతికి కొండదారిన వచ్చినంత అనుకోండి, అదీ బస్సు లేకుండా. (క్రిస్మస్ కార్డుల మీద కనబడే గాడిద సువార్తలో లేదు, అది చిత్రకారుల దయ.) జనసంఖ్య రాయించుకోవడానికి పోతున్న మనిషి, నెలలు నిండిన మనిషి, మూటలో బరువు తగ్గించుకోవాలని ఎన్నో తీసేసి ఉంటుంది. ఆ గుడ్డలు తీసేయలేదు.

ఆమెకున్న వాగ్దానం మనలో ఎవరికుంది? దేవదూతే వచ్చి నీకు కుమారుడు పుడతాడని పేరుతో సహా చెప్పాడు. బిడ్డ దక్కుతాడా లేదా అన్న సందేహానికే తావు లేదు. ‘దేవుడు చూసుకుంటాడులే’ అని చేతులు ముడుచుకోగలిగిన స్త్రీ ఎవరైనా ఉంటే అది మరియే. అయినా ఆమె గుడ్డలు సర్దుకుంది. హిజ్కియా రాజు సంగతీ అంతే. బతుకుతావని దేవుడు మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకు కట్టమన్నాడు (యెషయా 38:21). వాగ్దానం ఉంది కదా, కట్టు ఎందుకని ఎవరూ అడగలేదు.

బేత్లెహేము దారికి ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. యాకోబు భార్య రాహేలు ప్రయాణంలో ఉండగా నొప్పులు వచ్చి, బిడ్డను కని, ప్రాణం విడిచింది ఆ దారిలోనే (ఆదికాండము 35:16-20). పక్కన మంత్రసాని కూడా ఉంది. ధైర్యం చెప్పింది. అయినా దక్కలేదు. యాకోబు ఆ దారిపక్కనే స్తంభం నిలిపాడు. యూదుల ఇంట పుట్టిన ఏ ఆడపిల్లకైనా ఆ కథ తెలుసు. బేత్లెహేముకు నడిచే నిండు చూలాలికి అది గుర్తుకు రాకుండా ఉంటుందా? కాన్పులో తల్లి చనిపోవచ్చని బైబిలు దాచలేదు. ఆ సమాధి ఉన్న ఊరి వైపే మరియ తన గుడ్డలమూటతో నడిచింది. భయం లేక కాదు, భయం ఉన్నా.

పదిహేనేళ్ళ కిందటి మాట. స్వర్ణముఖి ఒడ్డున ఒక పల్లెలో మా సంఘానికి చెందిన కుటుంబం. తొలి కాన్పు. ఆ అమ్మాయి అత్తగారింటి నుంచి పుట్టింటికి పోయింది గానీ, పరీక్షల కార్డు అత్తగారింట్లో బీరువాలో ఉండిపోయింది. బీరువా తాళం మామగారి దగ్గర. నొప్పులు వచ్చిన రాత్రి ఆయన పెళ్ళికని ఎక్కడో ఊరికి పోయున్నాడు. రక్తం తక్కువగా ఉందని, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నట్టుందని ఆ కార్డులో రాసి ఉంది. ఆ సంగతి ఆసుపత్రిలో మళ్ళీ మొదటి నుంచి తెలుసుకోవాల్సి వచ్చింది. రక్తం గ్రూపు పరీక్ష మళ్ళీ, స్కానింగు మళ్ళీ. తల్లి బతికింది. బిడ్డ ఒక పగలు, ఒక రాత్రి బతికి వెళ్ళిపోయాడు. కార్డు ఉంటే బతికేవాడా అంటే నేను చెప్పలేను, వైద్యులూ చెప్పలేదు.

సమాధి కార్యక్రమానికి నన్ను పిలిచారు. రెండు చేతుల్లో పట్టేంత పెట్టె. ఆసుపత్రి వాళ్ళు చుట్టిన పచ్చగుడ్డలోనే ఉన్నాడు బిడ్డ. ఆ ఇంట్లో అరిష్టం రాకూడదని ఏమీ కొనలేదు, ఏమీ కుట్టలేదు, ఏమీ మడిచిపెట్టలేదు. ప్రార్థన అయ్యాక ఆ తల్లి నా వైపు చూసి అన్న మాట నేను ఈ జన్మకు మరచిపోలేను. “ఒక్క చొక్కా అన్నా కొనిపెట్టింటే బాగుండు అయ్యగారూ. వానికి నేను తొడిగింది అంటూ ఒక్కటి కూడా లేకపోయె.”

ఇన్నాళ్ళూ మనం ఏమనుకున్నాం? బిడ్డ పోతే ఆ చొక్కా తల్లిని ఏడిపిస్తుందనుకున్నాం, అందుకే కొనవద్దన్నాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి వచ్చి, ఆ చొక్కా ఉండాల్సిందని చెప్పింది. యెహెజ్కేలు గ్రంథం 16వ అధ్యాయంలో దేవుడు యెరూషలేమును పుట్టిన వెంటనే ఎవరూ పట్టించుకోని బిడ్డతో పోల్చాడు. బొడ్డు కోయలేదు, నీళ్ళు పోయలేదు, ఉప్పు రాయలేదు, పొత్తిగుడ్డలు చుట్టలేదు. ప్రాచీన గ్రీకు అనువాదంలో అక్కడ వాడిన క్రియాపదం, లూకా వాడిన క్రియాపదం ఒకటే. ఆ ప్రవక్త దృష్టిలో, చుట్టడానికి గుడ్డ లేని బిడ్డ అంటే ఎవరూ ఎదురుచూడని బిడ్డ. మన బిడ్డల కోసం మనం తొమ్మిది నెలలు కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తాం. అరిష్టం భయంతో ఎవరూ ఎదురుచూడనట్టు నటిస్తాం.

ఎదురుచూడడంతో పాటు ముందే మాట్లాడుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అవి సంచిలో పట్టవు. ఈ సందర్భంలో మన పక్కనే ఉన్న వేలూరు కథ చెప్పాలి. చిత్తూరు ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా వేలూరూ మనమూ ఒకే జిల్లా. ఆ ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ ఆర్కాటు మిషన్ వారి కుటుంబంలో 1870లో పుట్టిన అమ్మాయి ఐడా స్కడర్. మిషనరీ కాకూడదని, అమెరికాలో హాయిగా బతకాలని ఆమె కోరిక. 1890ల తొలినాళ్ళలో తల్లికి జబ్బుగా ఉంటే చూసుకోవడానికి తిండివనం వచ్చింది. ఒకే రాత్రి ముగ్గురు భర్తలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. ఒకాయన బ్రాహ్మణుడు, ఒకాయన ముస్లిం, ఇంకొకాయన వేరే హిందూ కులస్థుడు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టంలో ఉన్నారు. ఐడా తనకు వైద్యం రాదని, తండ్రి వైద్యుడు కాబట్టి ఆయన వస్తారని చెప్పింది. మగ వైద్యుడు వద్దని ముగ్గురూ తిరిగి వెళ్ళిపోయారు. తెల్లారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆ డప్పుల చప్పుడు విన్నాక ఆమె అమెరికా వెళ్ళి, కార్నెల్‌లో వైద్యం చదివి 1899లో పట్టా తీసుకుని తిరిగి వచ్చింది. వేలూరులో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన పని 1902 నాటికి స్త్రీల ఆసుపత్రి అయింది, 1918లో స్త్రీల వైద్య పాఠశాల అయింది. నేటి సీఎంసీ అదే. చిత్తూరు నుంచి ఇప్పటికీ ఎందరో కాన్పులకు అక్కడికే పోతారు. మదనపల్లెలోని మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి కూడా ఆ ఆర్కాటు మిషన్ పనిలోనిదే.

ఈ కథను మిషనరీ ఆదివారాల్లో ఐడా సమర్పణ గురించి చెప్పడానికే వాడుతుంటాం. నాకు ఆ ముగ్గురు భర్తలే ఎక్కువ గుర్తుకొస్తారు. వాళ్ళు కఠినాత్ములు కారు. అర్ధరాత్రి దీపం పట్టుకుని పరుగెత్తి వచ్చిన వాళ్ళు. కావలసిన వైద్యుడు పక్క గదిలోనే ఉన్నాడు. వాళ్ళ దగ్గర లేనిది అనుమతి. ఆ అనుమతి గురించి పగటిపూట, ప్రశాంతంగా, ముందే ఇంట్లో మాట్లాడుకుని ఉంటే? నూట ముప్ఫై ఏళ్ళు గడిచినా ఆపరేషన్ కాగితం మీద సంతకం కోసం మామగారికి ఫోను చేసి, ఆయన ఎత్తకపోతే బావగారికి చేసి, అరగంట పోగొట్టే కుటుంబాలను నేను చూస్తూనే ఉన్నాను. కొందరికి ఇంకో అభ్యంతరం. ఆపరేషన్ అంటే విశ్వాసం లేనట్టేనని ఎవరో బోధకుడు చెప్పి ఉంటాడు. ప్రభువు సేవకుడైన లూకా వైద్యుడని కొలస్సయులకు రాసిన పత్రికలోనే ఉంది కదా అని నేనంటే మౌనంగా ఉంటారు. తొమ్మిదో నెల రాకముందే భార్యాభర్తలు కూర్చుని ఏ ఆసుపత్రికి పోవాలి, రాత్రయితే ఏ బండి, అవసరమైతే ఆపరేషన్‌కు ఒప్పుకుంటామా, రక్తం ఎవరిస్తారు అన్నది తేల్చుకోవాలి. రక్తం సంగతి మరీ ముఖ్యం. కాన్పులో తల్లులు చనిపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం. 2018-20 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది తల్లులు చనిపోయారు. ఒకప్పటితో పోలిస్తే ఎంతో మెరుగు. ఆ నలభై అయిదుగురిలో మన ఇంటి బిడ్డ ఉంటే అంకె చిన్నదిగా కనబడదు. రక్తం ఇవ్వగల ఇద్దరు ముగ్గురి పేర్లు, ఫోను నంబర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. సంఘ యౌవనస్థులు ఎందుకున్నారు? క్రిస్మస్ నాటకాలకేనా?

ఇక సంచి. తొమ్మిదో నెల పడగానే సిద్ధంగా ఉండాలి. కవలలైనా, రక్తపోటు ఉన్నా ఎనిమిదిలోనే. అన్నిటికన్నా పైన, చేయి పెట్టగానే తగిలేలా తల్లీబిడ్డల కార్డు, స్కానింగులు, రక్తపరీక్షల కాగితాలు, ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్య పథకం కార్డు, ప్రభుత్వం ఇచ్చే సొమ్ము కోసం బ్యాంకు పాసుపుస్తకం నకలు. ఇవన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టండి, ఉమ్మనీరు పోయినా తడవకుండా. పుట్టింటికి పోయినా అత్తగారింటికి పోయినా ఆ కవరు చూలాలితోనే పోవాలి. బీరువాలో పెట్టి తాళం వేయాల్సింది బంగారాన్ని, కార్డును కాదు.

బిడ్డకు: ఉతికి మంచి ఎండలో ఆరబెట్టిన మెత్తటి నూలుగుడ్డలు కనీసం ఆరేడు. పాతచీరవైనా, పాత పంచెవైనా పర్వాలేదు, శుభ్రంగా ఉండాలి. పుట్టిన వెంటనే తడి తుడవడానికి ఒకటి, చుట్టడానికి పొడిది ఇంకొకటి. తడిసిన గుడ్డలోనే చుట్టి ఉంచితే బిడ్డ చల్లబడిపోతుంది, మన ఎండల్లో కూడా. రెండు టోపీలు, ఎందుకంటే బిడ్డ వంట్లో వేడి తలనుంచి కూడా పోతుంది. ముందు తెరుచుకునే చిన్న చొక్కాలు మూడు నాలుగు, మేజోళ్ళు. తల్లి వంటికి ఆనించి పడుకోబెట్టమని ఈ మధ్య సిస్టర్లు గట్టిగా చెబుతున్నారు. బరువు తక్కువ బిడ్డలకు ఆ పద్ధతిని 1978లో కొలంబియా దేశంలో ఎడ్గార్ రే అనే వైద్యుడు మొదలుపెట్టాడు. వెచ్చపెట్టే యంత్రాలు చాలక అలా చేశాడు. పేదరికంలో కనుక్కున్నది ఇప్పుడు ధనిక దేశాలూ చేస్తున్నాయి.

తల్లికి: ముందు తెరుచుకునే నైటీలు రెండు మూడు, ఒక నూలుచీర, లోదుస్తులు, పెద్ద సైజు ప్యాడ్లు, తువ్వాలు, చెప్పులు, సబ్బు, దువ్వెన, దుప్పటి. గ్లాసు, పళ్ళెం, చెంచా, ఫ్లాస్కు. తోడున్న మనిషికి చాప, శాలువా. ఫోను చార్జరు. 2011 నుంచి అమలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు భోజనం కూడా. ఇది తెలియక అప్పు చేసి వచ్చేవాళ్ళున్నారు. తెలిసినా ‘మగబిడ్డ పుట్టాడు, ఏమిస్తారు’ అని చేయి చాచేవాళ్ళు కొన్నిచోట్ల ఉంటారు. ఒకచోట నేను దానిమీద గొడవపడి, ఆ పూటంతా ఆ బాలింతకు వేడినీళ్ళు దొరకకుండా చేసిన ఘనుణ్ణి. అందుకని ఏం చేయాలో సలహా ఇవ్వలేను.

తీసేయవలసినవి చెప్పకపోతే సంచి సగమే సర్దినట్టు. తేనె సీసా తీసేయండి. చక్కెర నీళ్ళు, ఆముదం, పాలడబ్బా, పీక సీసా, కాటుక డబ్బీ తీసేయండి. గాడిదపాలు అమ్మేవాళ్ళు వీధిలో పిలిస్తే పలకవద్దు. పుట్టిన గంటలోపే తల్లి ముర్రుపాలు పట్టాలి. పసుపుగా, చిక్కగా ఉన్నాయని పిండి పారబోసే ఆ పాలే బిడ్డకు మొదటి రక్షణ. మొదటి స్నానం ఒక రోజైనా ఆగి చేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దిండు కింద పెట్టడానికి తెచ్చిన ఇనుపముక్క, నిమ్మకాయ ఇంటికి పంపేయండి. దానికి బదులుగా దిండు కింద బైబిలు పెట్టే విశ్వాసులున్నారు. చదువుకోవడానికైతే తప్పకుండా తీసుకెళ్ళండి, కీర్తనలు చదివితే నొప్పులప్పుడు మనసుకు నిబ్బరం. ఇనుపముక్క చోట పెట్టడానికైతే మాత్రం అది కూడా ఇంట్లోనే ఉండనివ్వండి.

ఇదంతా అమర్చుకోలేని తల్లి కోసం ఒక దేశమే సంచి సర్దింది. ఫిన్లాండ్ ప్రభుత్వం 1938 నుంచి పేద తల్లులకు బిడ్డ బట్టలు, పరుపు, దుప్పటి పెట్టిన అట్టపెట్టె ఇవ్వడం మొదలుపెట్టింది. 1949 నుంచి అందరు తల్లులకూ ఇస్తోంది. దానికొక షరతు, నాలుగో నెల దాటకముందే వచ్చి పరీక్ష చేయించుకోవాలి. ఆ పెట్టె అడుగున పరుపు ఉంటుంది కాబట్టి బట్టలు తీసేశాక అదే బిడ్డకు పడక. ఎంతోమంది ఫిన్లాండ్ బిడ్డలు తమ మొదటి నిద్ర అట్టపెట్టెలోనే పోయారు. పశువుల తొట్టి గుర్తుకు రావడం లేదూ? 2017లో తెలంగాణ ప్రభుత్వం కేసీఆర్ కిట్ పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో కనే తల్లులకు బిడ్డ బట్టలు, దోమతెర, సబ్బు, నూనె, చీరలు ఉన్న సంచి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కూడా నాకు ఆ పెట్టే గుర్తొచ్చింది.

మా సంఘంలో స్త్రీల సమాజం వాళ్ళు ఏడాదికి రెండుసార్లు పాత నూలుచీరలు, పంచెలు పోగుచేస్తారు. వేడినీళ్ళలో ఉడికించి, మిద్దె మీద ఆరేసి, కత్తిరించి, అంచులు కుట్టి, ఇస్త్రీ చేసి సంచుల్లో పెడతారు. మూడు సంచులు ఎప్పుడూ మా ఇంట్లో ఉంటాయి. క్రైస్తవులా కాదా అని అడగకుండా ఎవరికి కావాలంటే వాళ్ళకు. మొదట్లో నా భార్య ఒక్కతే మొదలుపెట్టింది. ఎందుకో నాకు తెలుసు, ఆ బూబమ్మ చింపిన సగం చీర ఇంకా మా ట్రంకు పెట్టెలో ఉంది. సంచి ఎక్కడుందో మగవాళ్ళకు చూపించి పెట్టండని ఆమె ప్రతి చూలాలికీ చెబుతుంది. ఒకాయన కంగారులో సంచి బదులు క్రిస్మస్ నక్షత్రాలు, రంగు కాగితాలు ఉన్న సంచి ఎత్తుకొచ్చాడు. ప్రసూతి వార్డులో నక్షత్రం బయటికి తీసిన ఆయన ముఖం చూడాలి!

స్వర్ణముఖి ఒడ్డు పల్లెలోని ఆ అమ్మాయి రెండేళ్ళకు మళ్ళీ నెల తప్పింది. ఆరో నెలలో ఒక ఆదివారం నన్ను, నా భార్యను భోజనానికి పిలిచారు. నడవాలో మేకుకు ఒక పసుపురంగు చిన్న చొక్కా తగిలించి ఉంది, వచ్చేపోయే వాళ్ళందరికీ కనబడేలా. “నేనే కొన్నా అయ్యగారూ” అంది, అత్తగారు వినేలా. అత్తగారు ఏమీ అనలేదు. అన్నం వడ్డిస్తూ ఆ చొక్కా వైపు చూసి, దుమ్ము పడుతుందేమోనని లేచిపోయి దాన్ని తిరగేసి తగిలించింది. కాన్పు రోజు కార్డు అందరికన్నా ముందు ఆసుపత్రి బల్ల మీద ఉంది. ఆడబిడ్డ పుట్టింది. చొక్కా కాస్త పెద్దదైంది, చేతులు రెండేసిసార్లు మడిచి తొడిగింది.